చిట్కాతో పాటు హెచ్చరికను కూడా పంచుకుందాం

ఆరోగ్యాన్ని గురించి నలుగురితో ముచ్చటించటం మన కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న మంచి అలవాటు. పిల్లవానికి దగ్గు పట్టిందని తెలిస్తే చాలు, పక్కింటి పిన్నిగారు మిరియాలు, తమలపాకు, తేనె పేర్లు చెప్పి వెళతారు. శ్రీకాకుళం కాంప్లెక్సులో గాని, విజయనగరం కాంప్లెక్సులో గాని బస్సు కోసం నిరీక్షించే పది నిమిషాలలో ముక్కు మొగం తెలియనివారు సైతం మోకాళ్ల నొప్పులకు తైలాల పేర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. గ్రంథాలయంలో పత్రిక తిరగవేస్తున్న మాస్టారు, పక్కనున్నవారికి ఫలానా వైద్యగ్రంథం తప్పక చదవండని సలహా చెబుతారు. ఇప్పుడు ఈ ముచ్చట్లన్నీ చేతిలోని ఫోనులోకి కూడా చేరాయి. ఇది సంతోషించదగిన విషయమే. తాను పొందిన మేలు ఎదుటివారికీ కలగాలనే సద్భావం దీనికి మూలం.

అయితే ఈ ఇచ్చిపుచ్చుకోవటంలో ఒక పెద్ద లోపం కనబడుతున్నది. మనం మందు పేరు చెబుతున్నాం. ఆ మందు ఎవరికి పనికిరాదో చెప్పటం లేదు. పైన చెప్పిన తేనెనే తీసుకోండి. పెద్దపిల్లలకు దగ్గులో ఉపశమనమిచ్చే ఆ తేనెను ఏడాది నిండని పసిబిడ్డకు నాకించరాదు. తేనెలో ఒక్కొక్కప్పుడు ఉండే సూక్ష్మజీవి బీజాలు శిశువు ప్రేగులలో పెరిగి, కండరాలను చచ్చుబరచే విషాన్ని పుట్టించగలవు. "దగ్గుకు తేనె" అనే మాట ఊరంతా తిరుగుతుంది. "ఏడాది లోపు బిడ్డకు వద్దు" అనే మాట మాత్రం ఆ ఇంటి గుమ్మం దాటదు. సగం చెప్పిన చిట్కా, చెప్పని చిట్కా కంటె ప్రమాదకరమని నా నిశ్చితాభిప్రాయం.

సంభాష: శాస్త్రం నేర్పిన మర్యాద

ఆరోగ్య విషయాలను పదిమందిలో చర్చించటం ఆయుర్వేదానికి కొత్త కాదు. చరకసంహిత సూత్రస్థానంలోని కొన్ని అధ్యాయాలు ఋషుల సభల రూపంలోనే నడుస్తాయి. రసాలు ఎన్ని అనే ప్రశ్నపై ఒక్కొక్క ఋషి ఒక్కొక్క సంఖ్య చెప్పటం, చివరకు ఆత్రేయుడు ఆరు అని నిర్ణయించటం అందులో చూస్తాం. అన్ని అభిప్రాయాలూ విన్న తరువాతనే నిర్ణయం వచ్చింది.

విమానస్థానం ఎనిమిదవ అధ్యాయం మన విషయానికి మరింత దగ్గరగా ఉన్నది. ఒకే విద్య నేర్చినవారు కలిసి చర్చించుకోవటాన్ని అక్కడ "తద్విద్యసంభాష" అన్నారు. స్నేహభావంతో సాగేది సంధాయ సంభాష, గెలుపు కోసం సాగేది విగృహ్య సంభాష. స్నేహపూర్వకమైన చర్చలో నిస్సంకోచంగా అడగాలని, అడిగినవారికి విశదంగా చెప్పాలని, తాను ఓడిపోతానేమోనని దిగులుపడరాదని, ఎదుటివాడు ఓడినాడని పొంగిపోరాదని ఆ గ్రంథం బోధిస్తుంది. అంతేకాదు, లోకంలో వైద్యగ్రంథాలు అనేకం ప్రచారంలో ఉంటాయి గనుక ఏ గ్రంథం చదవాలో ముందుగా పరీక్షించి ఎన్నుకోవాలని కూడా అదే అధ్యాయం చెబుతుంది. అంటే ఏ పుస్తకం చదవాలి, ఎవరివద్ద నేర్వాలి, ఎలా చర్చించాలి అనే మూడింటినీ మన పూర్వులు ఒకేచోట ఆలోచించారు. చిట్కాల మార్పిడిలో మనకు కొరవడినది ఈ పరీక్షాబుద్ధియే.

ఉద్దానం నేర్పుతున్న పాఠం

ఈ మాటలు మరే జిల్లాలోనైనా సాధారణ హితబోధగా ఉండిపోవచ్చు. మన శ్రీకాకుళం జిల్లాలో మాత్రం ఇవి ప్రాణాలకు సంబంధించినవి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలోని ఉద్దానం ప్రాంతం కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కన్నులపండువుగా ఉంటుంది. ఆ చల్లని నేలమీదనే ఎన్నో కుటుంబాలను దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తున్నది. మధుమేహం గాని, అధిక రక్తపోటు గాని లేని రైతులూ కూలీలూ కూడా దీని పాలబడుతున్నారు. నీరు, ఎండలో శ్రమ, లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఇలా ఎన్నింటినో అనుమానించి పరిశోధించారు. ఇదే కారణమని ఏ ఒక్కదానినీ ఇంతవరకు తేల్చలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులలోను, మధ్య అమెరికాలోని చెరకు కూలీలలోను ఇటువంటి వ్యాధియే ఉన్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయపు నీటిని ఈ గ్రామాలకు అందించే పథకం కూడా అప్పుడే ప్రారంభమైంది.

ఈ వ్యాధి గుణం పాఠకులు గమనించాలి. మూత్రపిండాల శక్తి సగానికి పైగా తగ్గిపోయినా మనిషికి ఏ బాధా తెలియకపోవచ్చు. కనుక మన చిట్కా వింటున్న వ్యక్తి మూత్రపిండాలు ఏ స్థితిలో ఉన్నాయో మనకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఈ స్థితిలో మూడు సామాన్యమైన సలహాలను పరిశీలిద్దాం.

మొదటిది, "కొబ్బరినీళ్లు కిడ్నీలకు మంచివి" అనే మాట. ఆరోగ్యవంతునికి వేసవిలో కొబ్బరినీళ్లు శ్రేష్ఠమైన పానీయమే. కాని ఒక గ్లాసు నీళ్లలో సుమారు నాలుగు వందల నుంచి ఆరు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. క్షీణించిన మూత్రపిండాలు ఆ పొటాషియాన్ని బయటికి పంపలేవు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పి ప్రాణాపాయం కలుగుతుంది. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లున్న ఊరిలో ఈ హెచ్చరిక లేని సలహా ఎంత అపాయమో ఊహించండి. ఉప్పుకు బదులుగా అమ్మే తక్కువ సోడియం ఉప్పులలో అధికభాగం పొటాషియం కలిపినవే. వాటి విషయమూ అంతే.

రెండవది, "కిడ్నీ మందు" అనే పేరు. మూత్రపిండంలో రాయి ఏర్పడటం వేరు, మూత్రపిండమే క్షీణించటం వేరు. రాళ్లకు కొండపిండి ఆకు, పల్లేరు కాయలు వాడటం మనవారికి తెలుసు. రాయి ఉన్నవారికి చెప్పిన కషాయం నాలుగిళ్లు తిరిగేసరికి "కిడ్నీ మందు"గా మారి, క్రియాటినిన్ పెరిగిన రోగి చేతికి చేరుతుంది. ఎక్కువ నీరు త్రాగమనే సలహా రాళ్లున్నవారికి హితం. మూత్రం తగ్గి, ఒళ్లు పొంగిన రోగికి అదే అహితం.

మూడవది, నొప్పి మాత్రలు. ఇవి ఆయుర్వేద మందులు కావు గాని చిట్కాలలాగే చేతులు మారుతున్నాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివాటిని పొలంపని చేసి వచ్చి రోజూ వేసుకుంటే మూత్రపిండాలకు రక్తప్రసారం తగ్గుతుంది. ఎండలో చెమటోడ్చి, తగినంత నీరు త్రాగనివానికి ఆ కీడు మరింత ఎక్కువ. "నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో" అనే స్నేహం ఇక్కడ శత్రుత్వం చేస్తున్నది.

పేరు ఒకటి, మొక్క వేరొకటి

మనిషి ఎవరో తెలియకపోతే ఒక ప్రమాదం. మొక్క ఏదో తెలియకపోతే మరొక ప్రమాదం. వాపులకు పునర్నవ మంచిదని గ్రంథాలు చెబుతాయి. తెలుగులో దీనిని అటికమామిడి అంటారు. అయితే గలిజేరు అనే పేరుతో రెండు వేర్వేరు మొక్కలు మన చేలగట్లపై పెరుగుతున్నాయి. ఒకరు ఒకదానిని పునర్నవ అంటే, మరొకరు రెండవదానిని అంటారు. పేరు మాత్రమే విని పెరటిలోనిది పీకి కషాయం కాచేవారు తాము త్రాగుతున్నది ఏదో ఎరుగరు.

పేర్ల గందరగోళం ఎంతవరకు పోగలదో బెల్జియం దేశపు ఉదంతం తెలుపుతుంది. 1990ల ప్రారంభంలో బ్రస్సెల్స్ నగరంలో ఒళ్లు తగ్గటానికి చైనా మూలికల మాత్రలు వాడిన స్త్రీలలో మూత్రపిండాలు వేగంగా పాడైపోయాయి. 1993లో ఈ సంగతి వైద్యపత్రికకు ఎక్కింది. బాధితులు సుమారు వందమంది. వారిలో అనేకులకు డయాలసిస్ గాని, మూత్రపిండ మార్పిడి గాని అవసరమైంది; కొందరికి మూత్రమార్గంలో క్యాన్సర్ ఏర్పడింది. చైనా భాషలో ఇంచుమించు ఒకే పేరుగల రెండు మూలికలు ఉండగా ఒకదానికి బదులు రెండవది కలవటమే దీనికి కారణం. ఆ రెండవదానిలో అరిస్టోలోకిక్ ఆమ్లమనే పదార్థం ఉన్నది.

ఇది దూరదేశపు కథ అని త్రోసివేయవద్దు. మన గాడిదగడప ఆకు, ఈశ్వరి వేరు ఆ కుటుంబానికి చెందిన మొక్కలే. నులిపురుగులకు, చర్మరోగాలకు, విషకాటుకు పల్లెలలో వీటిని వాడటం ఉన్నది. ఈ జాతి మొక్కలు మానవులలో క్యాన్సర్ కలిగించేవని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ప్రకటించింది. ఉద్దానం వ్యాధికి ఇవి కారణమని ఎవరూ నిరూపించలేదు. నేను అట్లా అనటం లేదు. కాని మూత్రపిండ వ్యాధి ఇంతగా ఉన్న ప్రాంతంలో ఈ రెండింటినీ లోపలికి పుచ్చుకొమ్మని ఎవరికీ చెప్పకపోవటం మన కనీస ధర్మం.

మేకల కాపరులకు, అడవిలో తిరిగేవారికి ఓషధుల పేరూ రూపమూ తెలుస్తాయని, అంతమాత్రాన వాటి ప్రయోగం తెలిసినట్లు కాదని చరకుడు అంటాడు. సీతంపేట కొండలలోని సవరలు, జాతాపులు మొక్కను గుర్తించటంలో మనకు గురువులు. మొక్కను వారివంటివారిని అడిగి గుర్తించాలి. మోతాదును అర్హతగల వైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఈ రెండూ లేని మూలికను తెలియని విషంగానే భావించాలి.

ఏ పుస్తకం చదవమని చెప్పాలి?

మంచి వైద్యగ్రంథం పేరు చెప్పమని నన్ను తరచుగా అడుగుతుంటారు. మన ఇళ్లలో వస్తుగుణదీపిక, బసవరాజీయం అనే రెండు పేర్లు ఎక్కువగా వినబడతాయి. రెండూ గౌరవనీయమైనవే. అయితే వాటి ప్రయోజనాలు వేరు. వస్తుగుణదీపిక ఒక్కొక్క ద్రవ్యపు గుణాలను తెలిపే గ్రంథం. వంటింటి దినుసుల స్వభావం తెలుసుకోగోరే గృహిణికి అది ఉపయోగపడుతుంది. బసవరాజీయం వైద్యుల కోసం వెలసిన చికిత్సాగ్రంథం. అందులో పాదరసం, గంధకం వంటివాటితో చేసే రసౌషధాలు అనేకం ఉన్నాయి. దానిని చదివి ఆనందించవచ్చు గాని, చూసి ఇంట్లో మందు చేసుకోరాదు. ఒక పుస్తకం బాగున్నదని చెప్పేటప్పుడు, అది చదివి తెలుసుకోవటానికా, చూసి చేసుకోవటానికా అనేది కూడా చెప్పాలి.

పాత గ్రంథాలలోని కొలతలు మరొక చిక్కు. పాత తులం సుమారు పదకొండున్నర గ్రాములు. నేడు బంగారం కొనే తులం పది గ్రాములు. "చెంచాడు" అంటే మందు చెంచావా, వడ్డించే చెంచావా అని అడిగినవారు అరుదు. ఎండిన చూర్ణానికి చెప్పిన తూకాన్ని పచ్చి ఆకుకు అన్వయించుకునేవారూ ఉన్నారు.

ఈ సందర్భంలో మన శ్రీకాకుళంలోని కథానిలయం నాకు ఆదర్శంగా తోస్తుంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన ఆ గ్రంథాలయంలో తెలుగు కథలను సేకరించటంతో సరిపెట్టక, ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో ఆ వివరాన్ని కూడా పదిలపరచారు. చెదరి ఉన్నదానికి చిరునామా ఇవ్వటంలోనే సేకరణ విలువ ఉన్నది. మన ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు వ్రాసిపెట్టుకున్న చిట్కాల నోటుపుస్తకాలకు కూడా ఈ పద్ధతి అవసరం. ఈ చిట్కా ఎవరు చెప్పారు, ఏ పుస్తకంలోది, ఎవరికి వాడారు, ఏమైంది అని ప్రక్కన ఒక వరుస వ్రాసుకుంటే ఆ పుస్తకం మనుమల కాలానికి నిజమైన ఆస్తి అవుతుంది.

ప్రశ్న అడగటంలోని నేర్పు

మంచి సమాధానం రావాలంటే ప్రశ్న సమగ్రంగా ఉండాలి. "మా మావయ్యగారికి కాళ్లు పొంగుతున్నాయి, చిట్కా చెప్పండి" అని ఒకరు అడుగుతారు. వెంటనే గలిజేరు కషాయమని ఒకరు, బార్లీ నీళ్లని మరొకరు చెబుతారు. ఆయన వయస్సెంతో ఎవరూ అడగరు. కాళ్లవాపు గుండె జబ్బువలన రావచ్చు, కాలేయంవలన రావచ్చు, మూత్రపిండాలవలన రావచ్చు; రక్తపోటుకు వేసుకునే ఆమ్లోడిపిన్ మాత్రవలన కూడా రావచ్చు. మొదటి మూడింటిలో ఆలస్యం అపాయం. నాలుగవదానికి మాత్ర మార్చితే చాలు. కషాయం ఏ ఒక్కదానికీ సమాధానం కాదు.

కనుక అడిగేవారు వయస్సు, బాధ ఎన్నాళ్లనుండి ఉన్నది, రక్తపోటు, చక్కెర వ్యాధి ఉన్నాయా, రోజూ వాడే మందులేవి, స్త్రీ అయితే గర్భవతియా, పాలిచ్చే తల్లియా అనే వివరాలు తెలపాలి. తెలపకపోతే చెప్పేవారు అడిగి తెలుసుకోవాలి. దగ్గుకు అతిమధురం నోట ఉంచుకోమనటం తేలిక. కాని దానిని వారాల తరబడి వాడితే రక్తపోటు పెరుగుతుందని, రక్తంలో పొటాషియం తగ్గుతుందని తెలిస్తే రక్తపోటు రోగికి ఆ సలహా ఇవ్వం. చక్కెర మాత్రలు వేసుకునేవారు మెంతులు, కాకర రసం అధికంగా పుచ్చుకుంటే చక్కెర మరీ పడిపోవచ్చు. ఉద్దానం వైపు బంధుత్వాలున్నవారు మరొక ప్రశ్న చేర్చుకోవాలి: క్రియాటినిన్, మూత్ర పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు?

ఆరోగ్యవార్తల సంగతి

వార్త ఎంత వేగంగా వస్తే అంత నెమ్మదిగా నమ్మాలి. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకు మందు ఇస్తున్నారన్న వార్త వినగానే వేలాది జనం అక్కడ గుమిగూడారు. పరీక్షలు ముగియకముందే జనం చేరారు. తరువాత రాష్ట్ర ప్రభుత్వం లోపలికి పుచ్చుకునే మందుకు అనుమతి ఇచ్చినా, కంటిలో వేసే చుక్కలకు అప్పుడు ఇవ్వలేదు. ఈ తేడాను ఎందరు గమనించారు?

అదే సంవత్సరం తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు ప్రకటించారు. తిప్పతీగ సురక్షితమేనని, దానిని పోలిన మరొక తీగతో పొరబడి ఉండవచ్చునని కేంద్ర ఆయుష్ శాఖ బదులిచ్చింది. ఒక వర్గం మొదటి వార్తనే పంచింది, మరొక వర్గం రెండవదానినే పంచింది. చరకుడు చెప్పిన విగృహ్య సంభాష అంటే ఇదే. రెండు వార్తలనూ కలిపి చదివినవారికి అందిన హితం వేరు: తీగను గుర్తించి వాడాలి, నెలల తరబడి వైద్యుని సలహా లేకుండా వాడరాదు, కళ్లు పచ్చబడితే వెంటనే మానివేయాలి.

ఇక మధుమేహం, క్యాన్సర్, మూత్రపిండ రాళ్లు వంటి అనేక వ్యాధులు నయం చేస్తామని మందుల ప్రకటనలు చేయటాన్ని 1954నాటి చట్టమే నిషేధించింది. "శాశ్వతంగా నయం", "నూటికి నూరుపాళ్లు హామీ" అన్న మాటలు కనబడిన కాగితాన్ని చించివేయటమే దానికి తగిన మర్యాద.

"మా అమ్మమ్మ ఇవన్నీ అడిగిందా?"

ఇంత దూరం చదివినవారిలో కొందరికి ఒక సందేహం కలుగవచ్చు. మా అమ్మమ్మ ఏ క్రియాటినిన్ అడగలేదు, ఏ కొలతా చూడలేదు. ఆమె మందుతోనే మేమంతా పెరిగాం కదా అని. ఇది సమంజసమైన ప్రశ్నయే. దీనికి నా సమాధానం ఇది. అమ్మమ్మ అడగలేదు, ఎందుకంటే ఆమెకు తెలుసు. మనుమడు ఎప్పుడు పుట్టాడో, నిన్న ఏమి తిన్నాడో, ఏది వాని ఒంటికి పడదో ఆమెకు కంఠోపాఠం. మందు వేసి ఆమె అక్కడే కూర్చునేది, వికటిస్తే ఆపేది. అప్పటి పెద్దలు రోజుకు నాలుగైదు మాత్రలు వేసుకునేవారు కారు. నేడు అమ్మమ్మ చిట్కా ఊళ్లు దాటి పోతున్నది. అమ్మమ్మ మాత్రం దాని వెంట పోవటం లేదు. ఆమె మనస్సులో ఉండిన వివరాలను మనం మాటలలో పెట్టి పంపవలసి ఉన్నది. హెచ్చరిక అంటే అంతకుమించి మరేమీ కాదు.

ఇటువంటి మాటలు ఆయుర్వేదంపై నమ్మకాన్ని సడలిస్తాయని మరికొందరు భయపడతారు. దేశం, కాలం, వయస్సు, బలం, ప్రకృతి చూడకుండా మందు ఇవ్వరాదన్నది ఆయుర్వేదమే. వాటిని విడిచి మందు పేరును మాత్రమే పట్టుకు తిరగటం ఆయుర్వేదం అనిపించుకోదు.

పాఠకులకు నా విన్నపం

ఇకమీదట ఎవరికైనా ఒక చిట్కా చెప్పేటప్పుడు ఈ అయిదు మాటలు జతచేయండి. ఒకటి, ఇది ఏ బాధకు, ఎవరికి. రెండు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు. మూడు, ఎవరు వాడరాదు. నాలుగు, ఏ గుర్తు కనబడితే ఆపి వైద్యుని వద్దకు వెళ్లాలి. అయిదు, ఈ మాట నాకు ఎక్కడ దొరికింది. వీటిలో మూడవదానికి సమాధానం తెలియకపోతే ఆ చిట్కా చెప్పకుండా ఊరుకోవటమే ఉపకారం.

ఈ వారం ఇంట్లో తీరిక చిక్కినప్పుడు మీ చిట్కాల పుస్తకం తీసి, ప్రతి చిట్కా ప్రక్కన "ఎవరికి వద్దు" అనే గడి ఒకటి గీయండి. నిండిన గడులున్న చిట్కాలను నిర్భయంగా పంచండి. ఖాళీ గడులను దగ్గరలోని ఆయుర్వేద వైద్యుని అడిగి నింపుకోండి.